వేటగాడి మోకాళ్ళ నొప్పి

ఒక మనిషి ఒక క్రూరమైన పనిని మానేశాడు. అయితే ఆ పని చేయగల సత్తువ ఒంట్లోంచి పోయాకే మానేశాడు. ఆ మానడాన్ని మీరు దయ అంటారా? ముందుకు చదివేలోపు మనసులో ఒక జవాబు నిర్ణయించుకోండి. తర్వాత మార్చుకోవలసి వస్తే మార్చుకోవచ్చు, నేను మార్చుకున్నాను.

నా చిన్నప్పుడు ఈ ప్రశ్నకు నా దగ్గర తడుముకోనక్కరలేని జవాబు ఉండేది. అనకూడదు. పళ్ళూడిన మనిషి చెరకు తినడం మానేశానని గొప్ప చెప్పుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే అనుకునేదాన్ని. పంతొమ్మిదేళ్ళు నిండని దాన్ని 'నా చిన్నప్పుడు' అని మొదలుపెడితే పెద్దలు నవ్వుకోవచ్చు. కానీ పన్నెండో ఏట నాకున్నంత నిశ్చయం ఇప్పుడు నాకు ఏ విషయంలోనూ లేదు. అందుకే ఆ కాలాన్ని చిన్నతనం అనడమే న్యాయమని తోస్తోంది.

అది కరోనా వచ్చిన ఏడాది. మేము దుబాయ్‌లో, ఇంటర్నేషనల్ సిటీలోని ఒక చిన్న ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. అమ్మ ఆసుపత్రిలో నర్సు. నాన్న ఏదో పని మీద ఇండియా వెళ్ళి, విమానాలు ఆగిపోవడంతో అక్కడే చిక్కుకుపోయారు. బడి మూతపడి పాఠాలు కంప్యూటర్ తెర మీదికి వచ్చిన వారంలో అమ్మకు వార్డు మారింది. డ్యూటీ నుంచి వచ్చాక తలుపు అవతలే బట్టలు మార్చుకుని, నాకు దూరంగా వంటగదిలో చాప వేసుకుని పడుకునేది. నాలుగు రోజులు అలా గడిచాక, ఇలా కాదని నన్ను అదే దేశంలో కొండల పక్కనున్న ఫుజైరాకు, తాతయ్య దగ్గరికి పంపించింది.

మా తాతయ్య, అంటే అమ్మవాళ్ళ నాన్న, అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళుగా అక్కడ ఒకే తోటలో పని చేస్తున్నారు. రాతి కొండల పాదాన ఉన్న తోట అది. ఖర్జూరం, నిమ్మ, నాలుగైదు మామిడి చెట్లు. వాటి వెనక ఇనుప వల కంచె వేసిన ఒక పెద్ద దొడ్డి. ఆ దొడ్డిలో తొమ్మిది జింకలు ఉండేవి. మన అడవుల్లోని చుక్కల జింకలు కావవి. ఇసుక రంగు ఒళ్ళు, సన్నటి కాళ్ళు, మేకపిల్ల కంటే కొంచెం పెద్ద ఆకారం. నిలబడితే వెనకున్న కొండలో కలిసిపోయి కనబడవు. వాటికి పచ్చగడ్డి వేయడం, నీళ్ళు పెట్టడం, కంచె చూసుకోవడం తాతయ్య పని. గోదావరికి ఎగువన కొండల అంచు పల్లెలో వయసంతా జింకల్ని వేటాడి తిన్న మనిషికి చివరికి జింకల్ని మేపే ఉద్యోగం దొరకడం విధి చేసిన హాస్యమని అమ్మ అంటూ ఉండేది. తాతయ్య ఆ మాటకు నవ్వేవారు కాదు.

తోట యజమాని ఆ దేశపు మనిషి, వయసులో తాతయ్య ఈడువాడు. గల్ఫ్‌లో పనివాళ్ళు యజమానిని అర్బాబ్ అంటారు. తాతయ్యా అలాగే పిలిచేవారు. ఆయన తాతయ్యను సదీక్ అనేవాడు, అంటే స్నేహితుడా అని. శుక్రవారం సాయంత్రాలు కాఫీ ఫ్లాస్కుతో వచ్చి దొడ్డి ముందు కుర్చీ వేయించుకునేవాడు. రోగం రోజులు కాబట్టి తాతయ్య కుర్చీ ఆరడుగుల దూరంలో ఉండేది. ఇద్దరూ హిందీలో అరబ్బీ కలిపి మాట్లాడుకునేవారు. దుబాయ్‌లో పెరిగినదాన్ని కాబట్టి నాకు చాలామటుకు అర్థమయ్యేది. మాటలు తిరిగి తిరిగి వేట దగ్గరికే వచ్చేవి. అర్బాబ్ కూడా ఒకప్పటి వేటగాడే. కుర్రతనంలో మిత్రులతో కలిసి ఎడారిలో బండ్ల మీద జింకల్ని తరిమి కొట్టేవాడట. తర్వాత అవి కనబడటం తగ్గిపోయింది, వేట కూడదని చట్టం వచ్చింది, అంతటితో సరి. పశ్చాత్తాపం ఏమైనా ఉందా అని నేనే ఒకసారి ధైర్యం చేసి అడిగాను. లేదన్నాడు. తిన్నాం, తిన్నందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాం, అందులో తప్పేముందన్నాడు. ఒకప్పుడు ఎంత దూరం నుంచి కొట్టగలనా అని చూసుకునేవాణ్ణనీ, ఇప్పుడు ఎంత దగ్గరికి రానిస్తాయా అని చూసుకుంటున్నాననీ మాత్రం అన్నాడు.

అయితే ఆయన గురించి తాతయ్య ఒక ముచ్చట చెప్పారు. పండగకు తోటలో మేకను కోసే వేళకు అర్బాబ్ లేచి వెళ్ళి కారులో కూర్చుంటాడట. అద్దాలు ఎక్కించుకుని రేడియో పెట్టుకుంటాడట. అడిగితే ఎండ ఎక్కువగా ఉందంటాడట. పదేళ్ళుగా ఇదే వరస, పండగ చలికాలంలో వచ్చినా సరే ఎండే.

నేను వెళ్ళిన కొత్తలో జరిగిన ఒక చిన్న సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. తోట గేటు పక్కన ఒక పెద్ద రేగు చెట్టు ఉంది. దాని లేతాకు ఒకటి తుంచి, రెండు బొటనవేళ్ళ మధ్య బిగించి పట్టుకుని పీకలా ఊదబోయాను. తాతయ్య చప్పున వచ్చి ఆ ఆకును నా చేతిలోంచి తీసి పారేశారు. కోపగించుకోలేదు, కారణమూ చెప్పలేదు. ఆ సాయంత్రం ఫోనులో అమ్మను అడిగితే తెలిసింది. మా తాతయ్య తమ ప్రాంతంలో ఆకు పలికించడంలో పేరు మోసినవారట. లేతాకును పెదవులకు ఆనించి, తప్పిపోయిన జింకపిల్ల తల్లి కోసం ఏడ్చినట్టు ఊదేవారట. ఆ ఏడుపు వింటే అడవిలో ఏ మూలనున్న తల్లి జింకైనా, అది తన పిల్ల కాకపోయినా, వెతుక్కుంటూ వచ్చేదట. వచ్చాక నాటు తుపాకి పని నాటు తుపాకి చేసేది.

మరుసటి రోజు నేను ఊరుకోకుండా ఆయన్ని పట్టుకుని అడిగాను. ఒప్పుకున్నారు. ఆ ఆకు ఇక నోట పెట్టనని ఒట్టు పెట్టుకున్నానన్నారు. ఎవరి మీద ఒట్టు అన్నాను. ఎవరి మీదా కాదు, తన మీదేనట. "తుపాకితో చంపింది వేట, అమ్మలూ. ఆకుతో పిలిచి చంపింది మోసం," అన్నారు. ఇంతలో నీళ్ళ మోటారు ఆగిపోయిందని లేచి వెళ్ళిపోయారు.

నాకు ఆ జవాబు సరిపోలేదు. ఒక మనిషి తాను చేసిన తప్పును పేర్లు పెట్టి రెండుగా విడగొడుతున్నాడంటే, ఒక సగాన్ని దాచుకుంటున్నాడని నా అనుమానం. అసలు ఎందుకు మానేశారు, ఏ రోజున మానేశారు, మానేసేముందు ఏమనుకున్నారు అని రోజూ ఏదో ఒక వేళ అడుగుతూనే ఉన్నాను. ఒక ఉదయం, గడ్డి మోపులు దొడ్డిలోకి మోస్తుండగా, విసిగిపోయి కాబోలు, మోకాళ్ళు పోయాయనీ, కొండలెక్కలేక మానేశాననీ చెప్పారు.

నేను ఎదురుచూస్తున్నది ఆ మాట కోసమే. గడ్డి మోపు కింద పడేసి, నాకు అప్పటికి తెలిసినంత కఠినంగా అన్నాను. "అయితే నువ్వు మానెయ్యలేదు తాతయ్యా. ముసలివాడివయ్యావు, అంతే. చేతనైతే ఇప్పటికీ చంపేవాడివే."

ఆయన మోకాలు రుద్దుకుంటూ, అంతేనేమో అన్నట్టు తలూపారు. వాదించని మనిషి మీద గెలుపు ఎంత చప్పగా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. ఆ ఉక్రోషంతో గిరుక్కున తిరిగి దొడ్డిలోంచి బయటికి వచ్చేశాను.

ఆ దొడ్డికి రెండు తలుపులు ఉండేవి. ఒకటి లోపలిది, ఒకటి బయటిది. రెండింటి మధ్య ఒక మంచం పట్టేంత జాగా. ఒకటి మూసి గడియ పెట్టాకే రెండోది తెరవాలి. నేను వచ్చిన మొదటి రోజున, నా చేత పదిసార్లు తెరిపించి మూయించి మరీ తాతయ్య నేర్పిన పద్ధతి అది. ఆ ఉదయం నేను రెండింటిలో దేన్నీ మూయలేదు.

తక్కిన జింకలన్నీ గడ్డి మీద ఉన్నాయి. ఒక్క తల్లి జింక మాత్రం మేతకు రాలేదు. మూడు రోజుల కింద ఈనింది, పిల్లను కంచె మూల ఈతాకుల్లాంటి ఖర్జూరపు మట్టల నీడలో దాచుకుని దూరంగా నిలబడి ఉంది. తలుపు వారగా ఉన్నది అదే. తాతయ్య చూసి కేకేసేసరికి అది రెండు తలుపులూ దాటి, నిమ్మచెట్ల మధ్య నుంచి తోట వెనకున్న ఎండిన వాగులోకి దిగిపోయింది. తాతయ్య మిగిలినవి కూడా పోకుండా మొదట తలుపు మూశారు.

పక్క తోటలో పనిచేసే ఇద్దరు కుర్రాళ్ళు చూసి పికప్ వేసుకుని వచ్చారు. యల్లా, పదండి అంటూ వాగులోకి బండి దింపబోయారు, చుట్టుముట్టి పట్టేద్దామన్నారు. తాతయ్య వెళ్ళి బండికి అడ్డంగా నిలబడ్డారు. వాళ్ళను పంపేశాక ఆయన నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "తరిమితే అది కాళ్ళతో పరిగెత్తదమ్మా, గుండెతో పరిగెత్తుద్ది. దొరికినా బతకదు."

వాగు అవతల గట్టు మీద అది కనబడుతూనే ఉంది. ఆ గట్టు వెనక క్వారీ రోడ్డు, దాని మీద రాళ్ళ లారీలు. అది రెండుసార్లు వాగు దిగి మా వైపు వచ్చింది. దొడ్డి వెనక భాగానికి వచ్చి, పిల్ల ఉన్న మూలను చూస్తూ కంచె పొడుగునా నడిచింది. వచ్చిన దారి తలుపు వైపు ఉందని బెదురులో దానికి తోచలేదు. రెండుసార్లూ లారీ హారను వినబడగానే మళ్ళీ గట్టెక్కింది. రెండోసారి ఇంకా పైకి, రోడ్డుకు ఇంకా దగ్గరగా.

దొడ్డిలో పిల్ల మాత్రం కదలలేదు. తల్లి దాచిన జింకపిల్లలు ఏడవవనీ, అది వచ్చేదాకా నేలకు అంటుకుని ఊపిరి వినబడకుండా పడుకుంటాయనీ, ఆ మౌనమే వాటి రక్ష అనీ తాతయ్య చెప్పారు. ఆ రోజు అదే దాని పాలిట శాపమైంది. అది ఒక్కసారి గొంతెత్తి ఏడిస్తే తల్లి బెదురు మరిచి దారి వెతుక్కునేది. తాతయ్య మేకపాలు తెచ్చి, గుడ్డ తడిపి నోటికి అందించారు. పెదవులు బిగబట్టింది. రెండు పూటలు పాలు లేకపోతే మూడు రోజుల పిల్ల ఈ ఎండకు ఆగదని, నాతో కాకుండా తనలో తాను అనుకున్నట్టుగా అన్నారు. మధ్యాహ్నం దాటింది. దాని పొట్ట ఎగిసిపడటం నాకు కనబడుతోంది. అది చచ్చిపోతే చంపింది నేనే. చేతనైతే ఇప్పటికీ చంపేవాడివే అని ఒకరికి తీర్పు చెప్పి ఒక పూట కాలేదు, నా ఖాతాలో ఒక ప్రాణం పడబోతోంది.

ఆకు సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరం దాని పేరెత్తలేదు. చాలాసేపటికి నేనే అన్నాను, ఒక్కసారి పిలవమని. ఆయన రేగు చెట్టు వైపు చూశారు కానీ కదల్లేదు. ఒట్టు తప్పితే పాపమా అని అడిగాను. ఆ ప్రశ్నకు ఆయన చెప్పిన జవాబు నేను తర్వాత విన్న వాదనలన్నింటి కంటే సూటిగా ఉంది. "ఒట్టు నా కోసం పెట్టుకున్నాను. ఆకలి దానిది," అన్నారు. అని చెట్టు దగ్గరికి నడిచారు.

ముందు మిగిలిన ఎనిమిదింటినీ గడ్డి ఆశ చూపి పక్కనున్న చిన్న దొడ్డిలోకి మళ్ళించారు. రెండు తలుపులూ బార్లా తెరిచి, లోపలి తలుపుకు ఒక పొడవాటి తాడు కట్టి, దాని కొస నా చేతికిచ్చారు. తలుపు పక్కనున్న నీళ్ళ ట్యాంకు వెనక కూర్చోమన్నారు. తల్లి పూర్తిగా లోపలికి వెళ్ళాక, ఆయన చెయ్యి ఎత్తాక, లాగాలి. అంతకు ముందు లాగితే అది మళ్ళీ ఈ జన్మలో ఈ తలుపు దగ్గరికి రాదన్నారు. తెరిచిపెట్టినది నేనే కనుక మూయాల్సిందీ నేనే అని ఆయన అనలేదు. తాడు ఇవ్వడంలోనే ఆ మాట ఉంది.

ఆయన దొడ్డిలోకి వెళ్ళి, పిల్లకు నాలుగడుగుల దూరంలో ఇసుకలో బోర్లా పడుకున్నారు. మోకాళ్ళు ముడిచేటప్పుడు పెదవి కొరుక్కోవడం కంచె సందులోంచి కనబడింది. తర్వాత ఆకు పెదవులకు ఆనించారు.

ఆ శబ్దాన్ని వర్ణించడానికి నేను చాలాసార్లు ప్రయత్నించి విరమించుకున్నాను. అది ఏడుపులా ఉంది అంటే చాలదు. ఏడుపు కంటే ముందు, ఏడుద్దామా వద్దా అని గొంతు సందేహించే క్షణం ఒకటి ఉంటుంది కదా, అది కూడా అందులో ఉంది. సన్నగా, ఆగి ఆగి, చివర కొంచెం విరిగినట్టుగా. ముప్పై ఏళ్ళు వాడని విద్య అది. ఒక్క స్వరమూ తప్పలేదు.

గట్టు మీద జింక తల తిప్పింది. చెవులు నిక్కబొడిచింది. దిగింది. వాగులో సగం దూరం వచ్చి ఆగింది. ఆయన మళ్ళీ పిలిచారు. ఈసారి అది కంచె వెనక్కి కాకుండా నిమ్మచెట్ల మీదుగా తలుపు వైపు వచ్చింది. నాకు పది అడుగుల దూరంలో నడిచింది. దాని పొదుగు బిగిసి ఉంది. రెండు తలుపుల మధ్య జాగాలోకి వచ్చి నిలబడిపోయింది. అప్పుడే రోడ్డు మీద లారీ హారను మోగింది.

అది వెనక్కి చూసింది. నా చెయ్యి తాడు మీద బిగిసింది; లాగాలనిపించింది. తాతయ్య పిలవడం ఆపేశారు. ఎంతసేపో చెప్పలేను. హారను సద్దుమణిగేదాకా ఆగి, అప్పుడు ఒకే ఒక్కసారి, వినీ వినబడనంత చిన్నగా ఊదారు. అది లోపలికి అడుగు పెట్టింది.

ఆ సమయంలో నేను ఒక విచిత్రమైన విషయం గమనించాను. జింక దగ్గరవుతున్నకొద్దీ తాతయ్య కుడిచెయ్యి దానంతటది భుజం వైపు జరుగుతోంది. వేళ్ళు ముడుచుకుంటున్నాయి. ఆయన ఆ చేతిని వెనక్కి లాక్కుని, ఛాతీ కింద పెట్టుకుని, మీద ఒంటి బరువంతా మోపారు. జింక ఆయనకు మూడు బారల దూరానికి వచ్చింది. ఆయన ఆకు వదిలేశారు. పిల్ల లేచి నిలబడింది. అప్పుడు ఎడమచెయ్యి లేచింది. నేను తాడు లాగాను.

గడియ పెట్టాక చూస్తే, తల్లి పొట్ట కింద పిల్ల తల దూర్చి ఉంది. తాతయ్య లేవలేదు. నాకు భయం వేసి పరిగెత్తబోతుంటే వెనక నుంచి ఎవరో భుజం మీద చెయ్యి వేసి ఆపారు. అర్బాబ్. ఎప్పుడు వచ్చాడో తెలియదు. కారు దూరంగా చెట్ల కింద ఆగి ఉంది. మాస్కు గడ్డం కిందికి జారి ఉంది. ఆయన చప్పుడు చేయకుండా లోపలికి వెళ్ళి, ఆరడుగుల దూరం మరిచిపోయి, తాతయ్యకు చెయ్యి అందించి లేపాడు. ఇద్దరు ముసలివాళ్ళు ఒకరినొకరు పట్టుకుని బయటికి వచ్చారు.

తలుపు తనే సరిగా వేయలేదని తాతయ్య చెప్పబోయారు. కాదు, నేను వేయలేదని చెప్పాను. అర్బాబ్ నా వైపు తిరిగి, చివరికి మూసింది కూడా నువ్వేగా, ఖలాస్, అయిపోయింది అన్నాడు. తర్వాత తాతయ్య చొక్కాకు అంటిన ఇసుక దులుపుతూ, ఆ పిలుపు ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. మా ఊళ్ళో అన్నారు తాతయ్య. ఎందుకు నేర్చుకున్నావని ఆయన అడగలేదు. వేటగాడికి అది అడగనక్కరలేదు. కాసేపు దొడ్డి వైపు చూసి, "ధూప్ బహుత్ హై, సదీక్," అని జేబులోంచి నల్ల కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాడు. అప్పటికి ఎండ కొండ వెనక్కి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం గది ముందు అరుగు మీద కూర్చుని తాతయ్య మోకాళ్ళకు నేను మందు రాశాను. ఆ చెయ్యి సంగతి అడిగాను. ఆకు పలికాక చెయ్యి దానంతటదే లెగుస్తాదనీ, అది వయసుతో పోయేది కాదనీ చెప్పారు. అంటే చేతకాక మానేయలేదన్నమాట. మరి పొద్దున మోకాళ్ళు అని ఎందుకు అన్నావని అడిగాను.

అప్పుడు చెప్పారు. నాకు గుర్తున్నంతవరకు చెప్పిన వరసలోనే రాస్తున్నాను. పదహారో ఏట మొదటి జింకను కొట్టినప్పుడు ఊరంతా మాంసం పంచి, వారం రోజులు ఛాతీ విరుచుకుని తిరిగారట. పాతికేళ్ళకు అది పని అయిపోయింది. గర్వమూ లేదు, బాధా లేదు. ముప్పై నాలుగో ఏట ఆకుతో పిలిస్తే వచ్చిన ఒక తల్లిని కొట్టారు. దగ్గరికెళ్ళి చూస్తే పొదుగు నుంచి పాలు కారుతున్నాయి. దాని పిల్ల ఎక్కడో పొదల్లో ఉంది. రెండు రోజులు వెతికారు. దొరకలేదు, పిలిస్తే పలకని పిల్ల ఎలా దొరుకుతుంది. నేను ఆ కథ అక్కడితో ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. ఆ తర్వాత కూడా రెండేళ్ళు వేటకు వెళ్ళానని, ఆకు మాత్రం ముట్టలేదని ఆయనే చెప్పారు. అడగకుండానే చెప్పారు.

తర్వాత గల్ఫ్ వచ్చారు. మొదటి సెలవుకు ఇంటికి వెళ్ళినప్పుడు పాత జట్టు వేటకు పిలిచింది. కొండ దాకా వెళ్ళారు. తుపాకి చేతికిస్తే తీసుకోలేకపోయారు. తోటివాళ్ళు, దుబాయ్ వెళ్ళి ఆడంగి వెధవ అయ్యాడని వేళాకోళం మొదలుపెట్టారు. అప్పుడు నోటికి తోచిన మాట ఒకటి అన్నారు.

"మోకాళ్ళ నొప్పి అని చెప్పాను. అప్పుడు నాకు ముప్పై ఎనిమిది. ఏ నొప్పీ లేదు." మందు రాస్తున్న నా చేతి వైపు చూస్తూ అన్నారు. "చెప్పగా చెప్పగా ఇప్పుడు నిజంగానే వచ్చింది."

ఆయన నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

ఆ తర్వాత రెండు నెలలకు అమ్మ వచ్చి నన్ను తీసుకెళ్ళింది. పిల్ల జింక బతికింది. తాతయ్య ఆకును మళ్ళీ ముట్టలేదు. తప్పిన ఒట్టును తిరిగి పెట్టుకున్నానని ఫోనులో చెప్పారు. రెండేళ్ళ క్రితం పని మానేసి మా ఊళ్ళోని ఇంటికి వచ్చేశారు. అర్బాబ్ ఇప్పటికీ శుక్రవారాలు వీడియో కాల్ చేసి, మాట్లాడకుండా ఫోనును దొడ్డి వైపు తిప్పి పెడతాడు. ఇద్దరూ చూస్తూ కూర్చుంటారు.

తాతయ్యను నిర్దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. పాలు కారే తల్లిని చూశాక కూడా రెండేళ్ళు వేటాడిన మనిషి ఆయన. వయసు అందరినీ మెత్తబరుస్తుందని కూడా నేను అనను. మెత్తబడకుండా పోయినవాళ్ళూ ఉన్నారు. నేను ఒప్పుకుంటున్నది ఒక్కటే. నా మొదటి ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉంది. సత్తువ పోయాకే మానేశాడని నాకు ఎవరు చెప్పారు? ఆయనే. మరి ఆ మాట ఆయన ఎందుకు చెప్పారు? జాలి పడ్డానని తోటి వేటగాళ్ళ ముందు చెప్పుకునే వీలు ఒక మగవాడికి ఆ ఊళ్ళో లేదు కనుక. నొప్పిని నమ్ముతారు, ఎండను నమ్ముతారు, చట్టాన్ని నమ్ముతారు. జాలిని ఎగతాళి చేస్తారు. అందుకని వాళ్ళు నమ్మే కారణమే చెబుతారు. పాతికేళ్ళు అదే చెబితే చివరికి మనవరాలు కూడా దాన్నే పట్టుకుని, చేతకానివాడివి అని తీర్పు చెబుతుంది.

ఇప్పటికీ ఎవరితోనైనా వాదిస్తున్నప్పుడు, వాళ్ళు చెప్పిన కారణం నాకు గెలుపు ఇచ్చేలా ఉంటే, నేను ఒక్క క్షణం ఆగుతాను. చేతిలో తాడు ఉన్నట్టే ఉంటుంది. ముందే లాగకూడదు.

మీ ఇంట్లోనూ ఒకప్పుడు వేటాడినవారో, చేపలు పట్టినవారో, కోడిని కోసినవారో ఒక పెద్దాయన ఉండే ఉంటారు. ఇప్పుడు ఎందుకు చేయడం లేదంటే కళ్ళు కనబడటం లేదనో, చేతులు వణుకుతున్నాయనో అంటారు. ఆ జవాబుతో లేచి రాకండి. ఈ వారంలోనే, ఆయన తీరికగా ఉన్న ఒక సాయంత్రం చూసుకుని, పక్కన కూర్చుని రెండోసారి అడగండి. ఆయన చెప్పడం మొదలుపెట్టాక మధ్యలో మాట్లాడకండి.